లస్కరుగారి రాత్రి డ్యూటీ

మా మామయ్య జెద్దా వచ్చిన మూడో రాత్రి మా వంటింట్లో కాలువ పారింది.

మాటవరసకి అనడం లేదు. తెల్లవారి ఆసుపత్రిలో నైట్ డ్యూటీ దిగి, ఏడున్నరకి ఇంటికొచ్చి తలుపు తీసేసరికి నా ఇంటి చెప్పులు హాల్లో తేలుతున్నాయి. వంటింటి కుళాయి, బాత్‌రూమ్ కుళాయిలు, షవరు అన్నీ బార్లా తీసి ఉన్నాయి. మామయ్య పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి, చీపురు కర్ర తిరగేసి పట్టుకుని, సోఫా పక్కన నీటి లోతు చూస్తున్నారు.

"శివారుకి ఇప్పుడే ఎక్కిందమ్మా. ఇంకో గంట ఒదిలితే సరిపోద్ది," అన్నారు నన్ను చూసి, ఎంతో తృప్తిగా.

మామయ్య పేరు పద్మనాభం. మా ఊరి వైపు ఉండి కాలువ మీద ముప్పై నాలుగేళ్లు లస్కరుగా చేశారు. తూముల షట్టర్లు ఎత్తడం, దించడం, గేజి చూసి నీటి మట్టం రాయడం, దాళ్వా పంట ఆఖర్లో వంతులు పెట్టినప్పుడు రాత్రంతా గట్టు మీద కాపలా కాసి శివారుకి, అంటే చిట్టచివరి చేలకు కూడా నీళ్లందేలా చూడడం ఆయన పని. రిటైరై పదమూడేళ్లయింది. రెండేళ్లుగా మతిమరుపు జబ్బు. పగలు బాగానే ఉంటారు. పేపరు చదువుతారు, వంకాయ కూరలో ఉప్పు తగ్గిందని చెబుతారు. రాత్రి ఒంటిగంట దాటాక మాత్రం లేచి డ్యూటీకి వెళ్లిపోతారు. అత్తయ్య ఉన్నన్నాళ్లూ చెయ్యి పట్టుకుని పడుకోబెట్టేది. ఆమె పోయాక మా దగ్గరికి తెచ్చుకున్నాం.

తెచ్చుకున్న వేళ చూడండి. హజ్ సీజన్. నర్సులందరికీ సెలవులు రద్దు, నాకు నెలంతా రాత్రి డ్యూటీలు. మా ఆయన ఉదయకిరణ్ ఉద్యోగం హఫర్ అల్ బాతిన్‌లో, సైట్ ఇంజినీరు. అక్కణ్ణుంచి జెద్దా రావాలంటే ఒక రోజు కారులో కూర్చోవాలి. అంటే రాత్రి ఏడు నుంచి పొద్దున్న ఏడు దాకా మామయ్య ఆ ఫ్లాట్‌లో ఒక్కరే.

నీళ్ల సంగతి విని మా ఆయన నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చారు. పెట్టెనిండా వైర్లు, కెమెరాలు తెచ్చారు. పెట్టె విప్పకముందే ఒక మాట చెప్పారు.

"ఏలూరులో ఒక హోమ్ ఉంది ఆశా. కనుక్కున్నాను, బాగా చూసుకుంటారంట. ఇవన్నీ పెట్టి చూద్దాం. హజ్ అయ్యేలోపు ఇంకొక్కసారి ఏదన్నా జరిగితే మాత్రం టికెట్ తీసేస్తాను. ఇక్కడేదో అయిపోతే నేను తట్టుకోలేను."

నేను మంచిదాన్నని చెప్పుకోడానికి ఇదంతా రాయడం లేదు. ఆ రోజు తడిసిన తివాచీ బాల్కనీలో ఆరేస్తూ, హోమే నయమేమో అని నేనూ అనుకున్నాను. కానీ నేను కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి, అందరి భోజనాలూ అయ్యాక వంటింట్లోకి తొంగి చూసి "శివారుకి అందిందా అమ్మా?" అని అడిగిన మనిషి ఆయనొక్కరే. కూర గిన్నె అడుగంటితే తన కంచంలోది తీసిపెట్టిన రోజులున్నాయి. అలాంటి మనిషిని ముక్కూ మొహం తెలియని వాళ్లకి అప్పజెప్పాలంటే నాకు మనసొప్పలేదు. మా ఆయనతో సరేనని అనలేదు.

మా ఆయన హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి కెమెరాలు బిగించారు. వాటికి చిన్న స్పీకరు ఉంటుంది, ఎక్కడి నుంచైనా మాట్లాడొచ్చు. వీధి తలుపుకి ఒక సెన్సరు. మామయ్య పరుపు కింద పలచటి మ్యాట్ ఒకటి. మనిషి లేస్తే చాలు, మా ఇద్దరి ఫోన్లూ మోగుతాయి. నా ఫోన్ డ్యూటీలో లాకర్లో ఉంటుంది కాబట్టి ముందు చూసేది ఆయనే. ఎదురు ఫ్లాట్ మేరాజ్ బేగం గారికి ఒక తాళం చెవి ఇచ్చాం. నిజామాబాద్ ఆవిడ, నేను అక్కా అన్నట్టు ఆపా అంటాను. మోకాళ్ల నొప్పులున్నా ఎవరికైనా ఆపదంటే ముందుంటుంది.

మొదటి రాత్రే ఆ మిషన్ల పరువు పోయింది. మా ఆయన హఫర్ చేరిన రోజు, పదకొండు గంటలకి ఫోన్ గోల పెట్టింది. మంచం ఖాళీ. అరగంటైనా ఖాళీయే. పడకగదిలో కెమెరా వద్దని నేనే అన్నాను కాబట్టి ఏమీ కనపడదు. ఆయన కంగారుపడి ఆపాని లేపారు. ఆపా మోకాళ్లు పట్టుకుని వెళ్లి చూస్తే, మామయ్య మంచం పక్కన నేలమీద దుప్పటి పరుచుకుని గుర్రు పెడుతున్నారు.

"నీ మామ మంచిగ పండుకున్నడు. నీ మొగుడే ఆడ నిద్ర లేక సస్తున్నడు," అంది ఆపా తెల్లారి నాతో. "మిషన్‌కు గదేం తెలుస్తది, గీ మనిషి జిందగీల మంచమెక్కలేదని?"

మామయ్యని అడిగాను. "మంచం మీద నీళ్ల చప్పుడు తెలవదమ్మా. నేలకి చెవి ఆనిస్తేనే తెలుస్తాది, ఎక్కడన్నా గట్టు తెగిందేమో," అన్నారు. మ్యాట్ తీసి బొంత కింద పెట్టాను. తర్వాత అది బుద్ధిగా పనిచేసింది.

ఇక కుళాయిల సంగతి. ఇక్కడే నేను తెలివి చూపించాను. డ్యూటీకి వెళ్లేటప్పుడు ఫ్లాట్ మొత్తానికి నీళ్లొచ్చే వాల్వు కట్టేసి వెళ్లడం మొదలుపెట్టాను. తాగడానికి సీసాలుంటాయి, బాత్‌రూమ్‌లో బకెట్ నింపి పెడతాను. ఇక కాలువలుండవు, తివాచీలు తడవవు.

నిజంగానే మూడు రాత్రులు హాయిగా గడిచాయి. కెమెరాలో మా ఆయన చూశారు. ఒంటిగంటన్నరకి లేస్తారు, వంటింటి కుళాయి తిప్పుతారు, నీళ్లు రావు. కుళాయి కింద చెయ్యి పెట్టి కాసేపు నిలబడతారు. వెనక్కి వెళ్లి పడుకుంటారు.

"భలే ఆలోచన నీది," అన్నారు మా ఆయన. నేనూ భుజాలు చరుచుకున్నాను. ఒక లస్కరు ఇంట్లో ఎనిమిదేళ్లు కోడలిగా ఉండి కూడా నాకు తట్టని సంగతి ఒకటుంది. కాలువలో నీళ్లు రాకపోతే లస్కరు ఇంటికెళ్లి పడుకోడు. ఎక్కడ ఆగాయో చూడ్డానికి గట్టు పట్టుకుని ఎగువకి నడిచిపోతాడు.

నాలుగో రాత్రి ఆయన ఎగువకి బయల్దేరారు.

మా వార్డులో ఆ రోజు ఎండదెబ్బ తిన్న యాత్రికులు పద్దెనిమిది మంది. ఒక ముసలాయనకి చల్లటి గుడ్డలు మారుస్తుంటే డెస్క్ మీద ల్యాండ్‌లైన్ మోగింది. నాకే. మా ఆయన గొంతు గుర్తుపట్టలేకపోయాను.

"తలుపు తీసుకుని వెళ్లిపోయారు ఆశా. ఆరు నిమిషాలైంది. నేను స్పీకర్లో నాన్నా, నాన్నా అని ఎంత పిలిచినా వెనక్కి తిరిగి చూడలేదు. చేతిలో కర్ర ఉంది."

తలుపుకి బయట తాళం వేసే ఆలోచన మేమే వద్దనుకున్నాం. లోపల నిప్పంటుకుంటే ఆయన బయటికి రాలేరు కదా.

"ఆపాకి చేశారా?"

"ఇంటి ఫోన్ ఎత్తట్లేదు."

ఎత్తదు. ఆపా తాయిఫ్‌లో కూతురి పురుటికి వెళ్లి రెండు రోజులైంది. ఆ మాట ఆయనకి చెప్పడం నేను మర్చిపోయాను. వార్డు నుంచి ఇంటికి కారులో ఇరవై ఐదు నిమిషాలు. ఇంటి నుంచి మూడు మలుపుల అవతల హైవే. అప్పుడు ఇంకొకటి గుర్తొచ్చింది.

ఆ రాత్రి వాయిత్ వస్తుంది. మా భవనం కింద నేలలో పెద్ద నీళ్ల తొట్టి ఉంటుంది, ఖజాన్ అంటారు. దాంట్లో నీళ్లు తగ్గితే వాయిత్, అంటే ట్యాంకరు లారీ, తెచ్చి నింపాలి. హజ్ రోజుల్లో పగలు లారీలని మా వైపు రానివ్వడం లేదు కాబట్టి అర్ధరాత్రి దాటాకే తెస్తున్నారు. సాయంత్రం ఫోన్ చేసి పురమాయించింది నేనే. ట్యాంకరు నీళ్లు పోస్తున్నంతసేపూ ఖజాన్ మూత తీసే ఉంటుంది. నిలువెత్తు మనిషికి పైన ఇంకో మూడడుగుల లోతు. నీళ్లు వెతుక్కుంటూ వెళ్లిన మనిషికి మొదట వినపడేది ఆ చప్పుడే.

లాకర్ దగ్గరికి పరుగెత్తాను. ట్యాంకరు డ్రైవరు బాషాది రాయచోటి దగ్గర పల్లె. నన్ను అక్కా అంటాడు. నంబరు కొట్టాను. మోగి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మనిషి గొట్టం దగ్గర, ఫోన్ లారీలో ఉంటుంది. మూడోసారి తప్పు నంబరు నొక్కాను. నాలుగోసారి ఎత్తాడు.

"బాషా, మా మామయ్య..."

"ఈడే ఉండాడు అక్కా." గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "ఖజాన్ అంచున కూసోని కర్రతో లోతు చూస్తాండాడు. నేను ఆయన పంచె పట్టుకోని ఉండా. గట్టిగా గుంజితే ఇద్దరం పోతాం. నువ్వేం మాట్లాడొద్దు, ఇను."

నేను లాకర్ల గది నేల మీద కూలబడి, ఫోన్ చెవికి అదుముకుని విన్నాను. ముందు నీళ్లు పడే హోరు. దాని మీద మామయ్య గొంతు.

"ఎవురయ్యా నువ్వు?"

బాషా ఏం చెబుతాడా అనుకున్నాను. మేమంతా ఇన్నాళ్లూ ఆయనకి చెబుతూ వచ్చింది ఒకటే. ఇది కాలువ కాదు, ఇది జెద్దా, మీరు రిటైరయ్యారు, వచ్చి పడుకోండి అని.

"నేను బాషా సార్. రాత్రి డ్యూటీ," అన్నాడు బాషా. "నీళ్లు నేనే తెచ్చినా."

"ఇంతాలిస్యమా? నాలుగు రోజుల్నించీ సుక్క లేదు."

"పైన ఆగిపోయినాయి సార్. ఇప్పుడు వదిలినారు."

"శివారుకి ఎక్కుతాదా?"

"ఎక్కుతాది సార్. ఎక్కేదంక నేను ఈడే ఉంటా."

మళ్లీ నీళ్ల హోరు. ఆ తర్వాత మామయ్య గొంతు మారింది. ఉద్యోగం చేసిన రోజులది కాబోలు, నేనెప్పుడూ వినని గొంతు అది, బిగువుగా, లెక్కగా ఉంది.

"గేజి నాలుగడుగుల మూడంగుళాలు. రాసుకో."

"రాసుకున్నా సార్."

"సంతకం ఎట్టాలి. నువ్వు రిలీఫుకి వచ్చినట్టు నేను ఎడతాను, నేను అప్పజెప్పినట్టు నువ్వెట్టు."

కాగితం చప్పుడైంది. పెన్ను పనిచేయడం లేదని మామయ్య విసుక్కున్నారు. బాషా ఇంకోటి వెతికిచ్చాడు.

"ఎన్నాళ్లకొచ్చావయ్యా రిలీఫుకి," అన్నారు మామయ్య. అప్పటిదాకా లేని అలసట ఆ మాటలో వినపడింది. "ఇంక నేనెల్లి పడుకుంటాను."

నాకు ఏడుపు ఆగలేదు.

పొద్దున్నే ఇంటికెళ్లేసరికి బాషా మా గుమ్మం పక్కన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. లారీ వీధి చివర పెట్టుకున్నాడు. లోపల మామయ్య బొంత మీద ప్రశాంతంగా నిద్రపోతున్నారు. ట్యాంకరు రసీదు వెనకాల "గేజి 4-3" అని, కింద రెండు సంతకాలు.

"తెల్లార్లూ ఇక్కడే ఉన్నావా బాషా?"

"రిలీఫ్ వచ్చేదంక పోగూడదంట కదక్కా. పెద్దాయన చెప్పినాడు." నవ్వాడు. "మా పక్క కాలవలే లేవు. లస్కరంటే నాకేం తెలుసు. ఆయన నీళ్ల కోసరం వచ్చినాడు, నేను నీళ్లు తెచ్చినా. లేదు పో అని ఎట్ల చెప్పేది?"

టీ పెట్టి ఇచ్చాను. తాగుతుంటే మా ఆయన ఫోన్. ఆయనకి రాత్రంతా నిద్ర లేదు.

"టికెట్ చూస్తున్నాను ఆశా. వచ్చే ఆదివారం ఉంది. ఇంక నావల్ల కాదు."

"నాలుగు రోజులు ఆగండి."

"ఆగితే ఏం మారుతుంది? మిషన్లు బానే పనిచేస్తున్నాయి. ఆయన లేచినట్టు నాకు చెబుతున్నాయి. చెప్పాక నేనిక్కడ కూర్చుని ఏం చెయ్యగలను?"

"రిలీఫ్ ఇవ్వగలరు," అన్నాను.

బాషా సంగతంతా చెప్పాను. మామయ్య పదమూడేళ్లుగా రాత్రి డ్యూటీలోనే ఉన్నారని, ఆయన్ని దింపడానికి ఒక్కరూ రాలేదని అప్పుడు నాకు అర్థమైంది. అదే చెప్పాను. మా ఆయనకి కోపమొచ్చింది.

"కన్నతండ్రితో నాటకమాడమంటావా?"

"నేను పేషెంట్ల దగ్గర రోజూ ఆడతాను. ఏం తప్పు కాదు."

ఆ రాత్రి వాల్వు కట్టెయ్యలేదు. నా విరామం ఒంటిగంటన్నరకి మార్చుకుని, లాకర్ల గదిలో ఫోన్ తెరిచి కూర్చున్నాను. మ్యాట్ మోగింది. మామయ్య వంటింట్లోకి వచ్చారు. కుళాయి తిప్పారు. నీళ్లు ధారగా పడ్డాయి. ఆయన మొహం విచ్చుకోవడం ఆ మసక బొమ్మలో కూడా కనపడింది.

"నాన్నా," అన్నారు మా ఆయన స్పీకర్లోంచి.

మామయ్య పట్టించుకోలేదు. బాత్‌రూమ్ వైపు కదిలారు, అక్కడి తూములు ఎత్తడానికి.

"నాన్నా, నేను ఉదయ్‌ని. పడుకోండి నాన్నా."

"డ్యూటీలో ఉన్నప్పుడు నాన్నేంటయ్యా," అన్నారు మామయ్య చిరాగ్గా, అటూ ఇటూ చూసి.

నాకు మా ఆయన మొహం కనపడదు. వెయ్యి కిలోమీటర్ల పైన దూరంలో, నిద్రపోతున్న క్యాంపులో మంచం మీద కూర్చుని, గొంతు సర్దుకోవడం మాత్రం వినపడింది.

"లస్కరుగారూ," అన్నారు. "రిలీఫుకి వచ్చానండి. గేజి చెప్పండి."

మామయ్య ఆగారు. చీపురు కర్ర సింకులో పెట్టి చూశారు.

"అడుగున్నర."

"రాసుకున్నానండి. శివారుకి ఎక్కిందండి. షట్టరు దించేయండి, నేను చూసుకుంటాను."

మామయ్య కుళాయి కట్టేశారు. గట్టిగా బిగించి, ఒక్క చుక్క కూడా కారడం లేదని వేలు పెట్టి చూసుకుని, దీపం తీసేసి వెళ్లారు. రెండు నిమిషాల్లో ఫోన్‌లో ఆకుపచ్చ చుక్క వెలిగింది. మనిషి పక్క మీద ఉన్నట్టు.

మర్నాడు మా ఆయన టికెట్ మాట ఎత్తలేదు. కానీ దిగులుగా ఉన్నారు. "నన్ను కొడుకని గుర్తుపట్టనప్పుడే మాట వింటున్నారు ఆశా. అది నాకు ముల్లులా ఉంది," అన్నారు. అయినా రోజూ రాత్రి ఒంటిగంటన్నరకి ఆయన లేచి లస్కరు అయ్యారు. గేజి రాసుకోడానికి నిజంగానే ఒక నోట్‌బుక్ కొన్నారు. ఊరికే సరే సరే అంటే మామయ్య నిన్నటి అంకె అడిగి పట్టేస్తున్నారట. రెండోవారానికి కుళాయి ఒక్కటే తిప్పడం మొదలైంది, తర్వాత అదీ సగమే. కొన్ని రాత్రులు అసలు లేవలేదు. తాయిఫ్ నుంచి వచ్చిన ఆపాకి ఇదంతా చెబితే, "గంతేనా, మనిషికి సుట్టీ ఇచ్చేటోడు గావాలె," అని తేల్చేసింది. శుక్రవారాలు బాషా షరఫియా బజారు నుంచి చేపలు తెచ్చి, మామయ్యకి అప్పటిదాకా ఎన్ని ట్యాంకులు పోశాడో లెక్క చెప్పి వెళ్లేవాడు. మామయ్య అతన్ని తన కింద పనిచేసే కుర్ర లస్కరుగానే చూసి, నడుం నిలబెట్టి కూర్చోమని చెప్పేవారు.

హజ్ అయిపోయింది. వార్డులో మంచాలు ఖాళీ అయ్యాయి. నా నైట్ డ్యూటీల్లో ఆఖరి రాత్రి కూడా అలవాటుగా ఒంటిగంటన్నరకి ఫోన్ తెరిచాను. నాలుగు రోజుల తర్వాత ఆ రాత్రి మామయ్య మళ్లీ లేచారు. కుళాయి తిప్పి, చూసి, కట్టేశారు. గేజి చెప్పారు. మా ఆయన రాసుకున్నారు. ఎప్పుడూ అక్కడితో అయిపోయేది. మామయ్య కదల్లేదు. స్పీకరు వైపు మొహం ఎత్తి నిలబడ్డారు.

"ఇదిగో అబ్బాయ్. నీ గొంతు అచ్చం మావోడి గొంతులా ఉంటాది."

మామయ్య స్పీకరుకి ఇంకో అడుగు దగ్గరికి జరిగారు.

"మావోడు దూరంగా ఉన్నాడయ్యా, ఎడారిలో. ఏం తింటన్నాడో. రేత్రిళ్లు పడుకుంటన్నాడో లేదో. నాకు డ్యూటీ వదిలి ఎల్లి సూడ్డానికి లేదు."

నేను మాట్లాడదామనుకుని నా నోరు నేనే మూసుకున్నాను.

"బానే ఉన్నాడండి," అన్నారు మా ఆయన ఎట్టకేలకి. "మీరు పడుకున్నాక పడుకుంటాడండి."

మామయ్య చీపురు కర్ర గోడకి ఆనించారు.

"అలాగా. అయితే పడుకుంటాను," అన్నారు.

వంటింటి దీపం ఆరింది. ఆకుపచ్చ చుక్క వెలిగింది. పావుగంట ఆగి మా ఆయనకి ఫోన్ చేశాను, ఎలా ఉన్నారో కనుక్కుందామని. ఎత్తలేదు. నిద్రపోయారు.